తాబేలునకు వెచ్చదనము: సెల్బోర్న్ తోట నుండి మేడ్చల్ దాకా

2024 మార్చి 16వ తేదీన హైదరాబాదు నెహ్రూ జంతుప్రదర్శనశాలలో ఒక ముసలి తాబేలు చనిపోయినది. అది గాలాపగోస్ ద్వీపముల జాతికి చెందిన రాక్షసి తాబేలు. దాని వయస్సు 125 సంవత్సరములని ప్రదర్శనశాలవారు తెలియజేశారు. చివరి పది రోజులు అది మేత ముట్టలేదు. నాంపల్లిలో మనము పబ్లిక్ గార్డెన్స్ అని పిలిచే బాగె ఆం తోటలో వెనుకటి రోజులలో ఒక చిన్న జంతుశాల ఉండేది. 1963 అక్టోబరులో మీరాలం చెరువు ప్రక్కన క్రొత్త జంతుప్రదర్శనశాలను తెరచినప్పుడు ఆ తోట జంతువులతోబాటు ఈ తాబేలును కూడ అక్కడికి తరలించారు. అప్పటి నుండి అరవై చలికాలములు అది హైదరాబాదులోనే గడిపినది.

దాని పుట్టినిల్లు పసిఫిక్ మహాసముద్రములో భూమధ్యరేఖ మీద ఉన్నది. అంత దూరపు జంతువు మన దక్కను పీఠభూమిలో, ఎండకాలము 40 డిగ్రీలు దాటి, పుష్యమాసములో 10 డిగ్రీలకు దిగే ఊరిలో అన్నేళ్ళు ఎట్లు బ్రతికినదని విద్యార్థులు అడగడము సహజము. దీనికి జవాబు వెదుకుతూ పోతే తాబేళ్ళను పెంచిన మనుషుల చరిత్ర ఒకటి బయటపడుతుంది. అందులో ముచ్చట గొలిపే విషయములు కొన్ని ఉన్నవి. చచ్చిన తాబేళ్ళ లెక్క మాత్రము చాల పెద్దది.

మొదట ఒక మాట సరిచేసుకొనవలెను. చేపలు, కప్పలు, తాబేళ్ళు, పాములు ‘శీతరక్త జంతువులు’ అని మన పాఠ్యపుస్తకములు చాలకాలము వ్రాశాయి. ఈ మాట నాకు ఎప్పుడును నచ్చలేదు. మిట్టమధ్యాహ్నము ఎండలో కాగిన తాబేలు రక్తము మన రక్తము కంటె వేడిగా ఉండవచ్చును. తేడా అంతా వేడి ఎక్కడ నుండి వచ్చినదన్న దానిలో ఉన్నది. మనము తిన్న అన్నములో పెద్ద భాగము శరీరమును 37 డిగ్రీల వద్ద నిలపడానికే ఖర్చవుతుంది. తాబేలు ఆ ఖర్చు పెట్టుకోదు. దానికి కావలసిన వేడిని సూర్యుని నుండి, రాయి నుండి, నేల నుండి అరువు తెచ్చుకుంటుంది. అందుచేత మనిషి తినే మేతలో చాల కొద్ది భాగముతో అది కాలక్షేపము చేయగలదు. అప్పు పుట్టని రోజున మాత్రము దాని పనులన్నియు ఆగిపోతాయి.

ఆగిపోయే పనులలో అన్నింటికంటె ముఖ్యమైనది అరుగుదల. మెట్ట తాబేలు గడ్డి, ఆకులు తింటుంది. పీచు పదార్థమును అరిగించేవి దాని పెద్దప్రేగులో ఉండే సూక్ష్మజీవులు. అవి పనిచేయాలంటే ప్రేగు వెచ్చగా ఉండాలి. శరీరము చల్లబడితే తిన్న ఆకు లోపల అరగక కుళ్ళుతుంది. రోగనిరోధక కణములు కూడ మందగిస్తాయి. చలిలో ఉంచిన తాబేలుకు మొదట ముక్కు కారుతుంది, తరువాత ఊపిరితిత్తులలో నిమ్ము చేరుతుంది. తాబేలుకు మనకున్నట్లు ఉదరవితానము లేదు, బలముగా దగ్గి కఫమును బయటికి నెట్టలేదు. అందువలన మనకు పడిశముగా తోచేది దానికి ప్రాణాంతకము కావచ్చును.

ఇదంతా తెలియక పూర్వమే ఒక మనిషి తాబేలును ఓపికగా గమనించాడు. ఆయన ఇంగ్లండులోని సెల్బోర్న్ అనే పల్లెలో మతాచార్యుడుగా ఉండిన గిల్బర్ట్ వైట్. ఆయన మేనత్త ఒకామె రింగ్మర్ అనే ఊరిలో ఒక మధ్యధరా ప్రాంతపు తాబేలును పెంచుతూ ఉండేది. వైట్ అక్కడికి పోయినప్పుడెల్లా దానిని చూసి విశేషములు వ్రాసుకొనేవాడు. 1780లో ఆమె మరణించిన తరువాత, నేలలో నిద్రిస్తున్న ఆ తాబేలును త్రవ్వి తీసి, మట్టి నింపిన పెట్టెలో పెట్టి, గుర్రపుబండ్ల మీద 80 మైళ్ళు ప్రయాణము చేసి తన తోటకు తెచ్చుకొన్నాడు. నవంబరులో అది నేలను త్రవ్వుకొని లోపలికి పోతుంది, ఏప్రిలు మధ్యకు వెలుపలికి వస్తుంది. ఎంత గట్టి చిప్ప ఉన్నా వానచినుకు పడితే బెదరి మూలకు నక్కుతుంది. ఇవన్నీ వైట్ తన పుస్తకములో వ్రాశాడు. ‘సెల్బోర్న్ ప్రకృతి చరిత్ర’ అనే ఆ గ్రంథము 1789 తేదీతో వెలువడినది.

ఆయన గమనించిన వాటిలో ఒకటి మనకు ఇక్కడ ముఖ్యము. ఎండ పలచబడే రోజులలో ఆ తాబేలు తోటగోడ దగ్గరకు పోయి, తన చిప్ప ఒక అంచును గోడకు ఆనించి, వాలుగా నిలబడేది. ఏటవాలుగా వచ్చే సూర్యకిరణములు అప్పుడు దాని వీపు మీద నిటారుగా పడతాయి. మన ఇళ్ళ కప్పుల మీద సౌరఫలకములను దక్షిణముఖముగా వాల్చి బిగించడములో ఉన్న లెక్క కూడ అదే. లెక్కలు రాని తాబేలు ఆ పని చేయడము చూసి వైట్ ఆశ్చర్యపడ్డాడు, కాని దానిని చిన్న వింతగానే తలచి ముందుకు సాగాడు. అందులోని శాస్త్రము తేలడానికి మరి నూటయాభై ఏళ్ళు పైగా పట్టినది.

వైట్ 1793లో మరణించాడు. తాబేలు మరుసటి వసంతములో మరణించినది. దాని చిప్ప లండన్ ప్రకృతి చరిత్ర ప్రదర్శనశాలలో భద్రముగా ఉన్నది. జీవితమంతా తిమోతి అనే మగపేరుతో పిలిపించుకొన్న ఆ తాబేలు ఆడదని ఆ చిప్పను పరీక్షించిన తరువాత తెలిసినది.

తిమోతి ఇంగ్లండు చలికి తట్టుకొనడము చూసి జనము ఒక తప్పు నిర్ణయమునకు వచ్చారు. తాబేలు ఏదైనా సరే, చలికాలము వస్తే మట్టిలో నిద్రపోయి, వసంతములో లేస్తుందని వారు అనుకొన్నారు. ఇరవయ్యవ శతాబ్దములో మధ్యధరా తీరముల నుండి లక్షల కొలది తాబేళ్ళను ఓడలలో ఇంగ్లండుకు తెచ్చి సంతలలో అమ్మారు. వాటిలో చాల భాగము మొదటి చలికాలము దాటలేదు. శీతకాల నిద్రకు సిద్ధపడే జంతువు ముందుగా ప్రేగులు ఖాళీ చేసుకొని, శరీరములో తగినంత కొవ్వు, నీరు నిలువ చేసుకొనవలెను. నిద్రించే తావు 5 డిగ్రీల దరిదాపులలో స్థిరముగా ఉండవలెను. గడ్డకడితే కళ్ళు, మెదడు చెడతాయి. 10 డిగ్రీలు దాటితే సగము మేలుకొని, తినలేక, నిలువ కొవ్వు కరగి చస్తుంది. చొప్పపెట్టెలో పెట్టి కొట్టములో వదలిన తాబేలుకు ఇవన్నీ ఎక్కడివి? చివరకు 1984లో ఐరోపా ఆర్థిక సమాజము ఆ మధ్యధరా జాతుల దిగుమతిని నిషేధించినది.

శాస్త్రజ్ఞులు ఈ సంగతిని మరొక దారిలో తెలుసుకొన్నారు. లండన్ జంతుశాలలో 1849లో సరీసృపములకు ప్రత్యేకముగా ఒక భవనమును తెరిచారు. ప్రపంచములో అటువంటిది అదే మొదటిది. పాతకాలపు సరీసృపశాలలలో గది మొత్తమును ఒకే తీరున వెచ్చబెట్టడము వాడుక. ఆ పద్ధతిని మార్చినది జోన్ ప్రోక్టర్ అనే యువతి. ఆమె చిన్ననాటి నుండి అనారోగ్యముతో బాధపడిన మనిషి, కళాశాల చదువు లేదు, అయినను లండన్ జంతుశాలలో సరీసృపముల శాఖకు అధిపతి అయినది. 1927లో తెరచిన క్రొత్త సరీసృపశాల ఆమె రూపకల్పనయే. ఒక్కొక్క అరకు ఒక్కొక్క తీరున విద్యుత్తుతో వేడి ఏర్పరచి, అరలో ఒక చోటు వేడిగాను మరొక చోటు చల్లగాను ఉండేటట్లు చేసినది. ఎక్కడ ఎంతసేపు ఉండవలెనో జంతువు తానే నిర్ణయించుకుంటుంది. అతినీలలోహిత కిరణములను లోనికి రానిచ్చే ప్రత్యేకమైన గాజును కూడ ఆమె వాడినది.

ఈ గాజు సంగతి మన ఉపాధ్యాయులకు పనికివస్తుంది. 1920 తరువాతి సంవత్సరములలో పిల్లల ఎముకలు వంకరపోయే రికెట్స్ జబ్బు మీద విస్తారముగా పరిశోధనలు జరిగాయి. 1924లో అమెరికాలో స్టీన్‌బాక్, ఆహారము మీద అతినీలలోహిత కిరణములను ప్రసరింపజేస్తే అది ఆ జబ్బును నివారించే శక్తిని సంపాదించుకుంటుందని చూపాడు. 1928లో జర్మను రసాయనవేత్త విండాస్‌కు స్టెరాలులకు, విటమినులకు గల సంబంధము మీద చేసిన కృషికి నోబెల్ బహుమానము వచ్చినది. చర్మములోని ఒక కొవ్వుజాతి పదార్థము సూర్యకిరణము తగిలి విటమిన్ డి గా మారుతుంది. అది లేనిదే ప్రేగు సున్నమును పీల్చుకొనలేదు. ఎముకల పెట్టెను వీపున మోసే తాబేలుకు సున్నము ఎంత కావలెనో చెప్పనక్కర లేదు. మామూలు కిటికీ గాజు ఈ కిరణములను దాదాపు పూర్తిగా ఆపివేస్తుంది. గాజు వెనుక పెట్టిన తాబేలుకు ఎండ వెచ్చదనము అందుతుంది, విటమిన్ అందదు. దాని చిప్ప మెత్తబడి సొట్టలు పోతుంది.

1944లో అమెరికన్లు కౌల్స్, బోగర్ట్ అనే ఇద్దరు కాలిఫోర్నియా ఎడారి సరీసృపముల మీద తమ పరిశోధనను ప్రకటించారు. బల్లులు, పాములు ఎండకు, నీడకు మధ్య తిరుగుతూ తమ శరీరపు వేడిని చాల చిన్న హద్దుల మధ్య నిలుపుకుంటాయని, ఒక్కొక్క జాతికి ఇష్టమైన ఉష్ణోగ్రత ఒకటి ఉన్నదని వారు ధర్మామీటరుతో కొలిచి చూపారు. ఆ ఇష్టమైన అంకెకు, చంపే అంకెకు మధ్య తేడా కొద్ది డిగ్రీలే. నీడకు పోకుండ ఆపితే ఎడారి సరీసృపము కూడ ఎండకు చస్తుంది. సెల్బోర్న్ గోడకు వాలిన తాబేలు చేసిన పని అప్పటికి అర్థమైనది.

ఇప్పుడు మన రాక్షసి తాబేలు ప్రశ్నకు వద్దాము. మొదటి కారణము దాని పుట్టినిల్లే. భూమధ్యరేఖ మీద ఉన్నా గాలాపగోస్ ద్వీపములను దక్షిణము నుండి వచ్చే హంబోల్టు శీతల ప్రవాహము తాకుతుంది. సంవత్సరములో సగము కాలము అక్కడ చల్లని పొగమంచు తుంపర ఉంటుంది. రెండవ కారణము లెక్కకు సంబంధించినది. 1 సెంటీమీటరు ఘనము ఒకటి, 10 సెంటీమీటర్ల ఘనము ఒకటి తీసుకొనండి. మొదటి దాని ఘనపరిమాణము 1, ఉపరితలము 6. రెండవ దాని ఘనపరిమాణము 1000, ఉపరితలము 600. వేడిని నిలువ చేసేది ఘనపరిమాణము, పారబోసేది ఉపరితలము. ఒక్కొక్క ఘన సెంటీమీటరుకు చిన్నది 6 వంతుల తలము తెరిచి పెట్టుకొంటే, పెద్దది 0.6 వంతు మాత్రమే. రెండు వందల కిలోల తాబేలు పగలు త్రాగిన ఎండను రాత్రంతా దాచుకొనగలదు. అరచేతిలో పట్టే తాబేటిపిల్ల పొద్దు క్రుంకిన కొద్దిసేపటికే గాలి అంత చల్లబడుతుంది.

దీనిని బడిలో చూపడము తేలిక. ఒక బిందె నిండ, ఒక గ్లాసు నిండ ఒకే వేడిగల నీళ్ళు పోసి, రెండింటిలో ధర్మామీటర్లు ఉంచి, పావుగంటకొకసారి అంకెలు వ్రాసుకొని, గ్రాఫు కాగితము మీద రెండు గీతలు గీయమనండి. మేడ్చల్, శామీర్‌పేట బడులలో ఈ పరీక్షను జనవరి మాసపు ఉదయమున చేస్తే గీతల మధ్య ఎడము మరింత బాగా కనబడుతుంది.

ఎందుకంటే అక్కడ చలి నగరములోకంటె ఎక్కువ. బేగంపేట పరిశీలనశాలలో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీల సెంటిగ్రేడు. అది 1946 జనవరి 8వ తేదీన. ఆ తరువాత బేగంపేట చుట్టూ సిమెంటు, తారు, మేడలు పెరిగినవి. అవి పగలు త్రాగిన వేడిని రాత్రి మెల్లగా విడుస్తాయి కాబట్టి నగరము నడిబొడ్డున చలి మెత్తబడినది. మేడ్చల్ వైపు పొలములు, శామీర్‌పేట చెరువు చుట్టుప్రక్కల పొదలు, బండలు ఉన్న బయళ్ళ మీద మబ్బులేని చలికాలపు రాత్రి నేల తన వేడిని నేరుగా ఆకాశమునకు వికిరణము చేస్తుంది. చల్లబడిన గాలి బరువెక్కి పల్లములలోకి జారుతుంది. అందుకనే తెల్లవారుజామున రాజీవ్ రహదారి మీద పల్లపు మలుపులలో చలి ఒక్కసారిగా కొరికినట్లుంటుంది. నల్లరాతి గుండ్లు మాత్రము పొద్దుపోయిన చాలసేపటి వరకు వెచ్చగా ఉంటాయి. చలికాలము సాయంత్రము తొండలు, నలికిరులు బండల అంచులను వదలకపోవడము చూసినవారికి ఈ సంగతి చెప్పనవసరము లేదు.

మన తెలుగు నేలల తాబేలు గాలాపగోస్ దాని వంటిది కాదు. అది నక్షత్ర తాబేలు. నల్లని గుబ్బల మీద పసుపుపచ్చని చారలు చుక్కలవలె విప్పారి ఉంటాయి. 1795లో జర్మను ప్రకృతిశాస్త్రజ్ఞుడు షోఫ్ దీనికి శాస్త్రీయముగా పేరు పెట్టాడు. ఆ పేరులోని ‘ఎలిగన్స్’ అన్న మాటకు సొగసైనదని అర్థము. రాయలసీమ మెట్టలలో, ముళ్ళపొదలలో ఇది నివసిస్తుంది. దక్షిణ భారతము, గుజరాతు, రాజస్థాను, సింధు, సింహళములలో ఉన్నది. తొలకరి జల్లులతో చురుకెక్కి మేయడము, జత కూడడము దీని పద్ధతి. నడి ఎండకాలములోను, చలిలోను పొదల క్రింద మందముగా పడి ఉంటుంది కాని, తిమోతి వలె నెలల తరబడి మట్టిలో నిద్రపోదు. దానికి ఆ ఏర్పాటు శరీరములో లేదు. పగలు 30 డిగ్రీల దరిదాపులలో, రాత్రి 20కి దిగకుండ ఉంటే సుఖముగా ఉంటుంది. పొడి చలిని రెండు మూడు రాత్రులు ఓర్చుకొనవచ్చును. తడితో కూడిన చలిని ఓర్వలేదు. మాఘమాసపు ముసురు దాని పాలిటి శత్రువు.

శ్రీకాకుళము జిల్లా శ్రీకూర్మములో విష్ణువును కూర్మరూపమున కొలుస్తారు. ఆ ఆలయప్రాంగణములో నక్షత్ర తాబేళ్ళను పోషించే ఆచారమున్నది. అది సముద్రమునకు దగ్గరి ఊరు. సముద్రపు గాలి రాత్రి చలిని తగ్గిస్తుంది. అక్కడ బ్రతికిన తాబేలును భక్తితోనో, ఇంటికి కలిసివస్తుందన్న నమ్మకముతోనో తెచ్చి మేడ్చల్‌లో పాలరాతి నేల మీద తిప్పితే ఫలితము ఒకటిగా ఉండదు. పాలరాయి పొట్టక్రింది నుండి వేడిని లాగివేస్తుంది. పైగా నున్నని నేల మీద కాళ్ళు జారి కీళ్ళు చెడతాయి.

ఈ సొగసే దానికి చేటయినది. మధ్యధరా తాబేళ్ళ వర్తకము మూతపడినా తాబేలు మీది మోజు పోలేదు. మన దేశములో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము నక్షత్ర తాబేలును పట్టడము, అమ్మడము నిషేధించినది. దొంగ రవాణా మాత్రము ఆగలేదు. 2015లో ప్రచురింపబడిన ఒక పరిశోధన ప్రకారము భారతదేశములోని ఒకే ఒక వ్యాపార కేంద్రమునకు సంబంధించి 17 నెలల పరిశీలనలో కనీసము 55,000 నక్షత్ర తాబేళ్ళను అడవి నుండి పట్టినట్లు తేలినది. బట్టలలో చుట్టి, కాళ్ళు, తల కదలకుండ టేపు వేసి, సూటుకేసులలో వీటిని విమానములు ఎక్కిస్తారు. మేత, నీరు లేక, చలిలో, ఒకదానిమీద ఒకటిగా పడి ఉండే ఈ ప్రయాణములో ఎన్ని చస్తాయో వాటిని పంపేవాడు లెక్క పెట్టడు. 2019 ఆగస్టులో జెనీవాలో జరిగిన సమావేశములో, భారతదేశము, శ్రీలంక, బంగ్లాదేశ్, సెనెగల్ దేశముల ప్రతిపాదన మీద, అంతర్జాతీయ వర్తకమును పూర్తిగా నిషేధించే మొదటి అనుబంధములోనికి దీనిని చేర్చారు. మన చట్టము కూడ 2022 సవరణతో దీనిని మొదటి షెడ్యూలులోనికి ఎక్కించినది. పులికి ఉన్న రక్షణ దీనికి ఉన్నది. ఇంట పెంచడము శిక్షార్హమైన నేరము. ఆఫ్రికా మెట్ట తాబేలు వంటి విదేశపు జాతులను ఉంచుకొన్నవారు 2024 నియమముల ప్రకారము ప్రభుత్వమునకు తెలియజేసి నమోదు చేయించుకొనవలెను.

అందుచేత నక్షత్ర తాబేలును వెచ్చగా ఎట్లు పెంచవలెనని ఇక్కడ వివరించడము లేదు. కాని రోడ్డు ప్రక్కనో, ఎవరో వదలిపోయిన పెట్టెలోనో ఒకటి దొరికితే ఆ ఒక్క రాత్రి దానిని ఏమి చేయవలెనో పిల్లలకు తెలియాలి. మంచి మనసుతో చేసే మొదటి తప్పు దానిని తీసుకొనిపోయి శామీర్‌పేట చెరువులో వదలడము. నీటి తాబేలుకు కాలివేళ్ళ మధ్య పొర ఉంటుంది, చిప్ప చదునుగా ఉంటుంది. మెట్ట తాబేలు కాళ్ళు ఏనుగు కాళ్ళవలె స్తంభములుగా ఉంటాయి, చిప్ప గోపురమువలె లేచి ఉంటుంది. దానికి ఈత రాదు, మునిగి చస్తుంది. గోపురపు చిప్ప మరొక విధముగా దానికి మేలు చేస్తుంది: వెల్లకిల పడితే తేలికగా ఒరిగి మళ్ళీ కాళ్ళ మీదికి వస్తుంది. హంగేరీ గణితజ్ఞులు దోమోకోష్, వార్కోన్యి 2008లో ఈ ఆకారపు లెక్కను ప్రచురించారు. ఎట్లు పడవేసినా తనంతట తానే నిలబడే ఒక ఘనాకృతికి నక్షత్ర తాబేలు చిప్ప చాల దగ్గరగా ఉన్నదని అందులో చూపారు.

రెండవ తప్పు, చల్లబడిన తాబేలుకు వెంటనే మేత పెట్టడము. పైన చెప్పినట్లు అది లోపల కుళ్ళుతుంది. ముందు తడి తుడిచి, అట్టపెట్టెలో పొడి వరిగడ్డి గాని గోనెపట్ట గాని పరచి, గాలి విసరని గదిలో ఉంచవలెను. మెల్లగా వెచ్చబడనివ్వవలెను. కుంపటి ప్రక్కన పెట్టరాదు, బల్బును చిప్పకు ఆనించరాదు. చిప్ప గోరువలె నిర్జీవమైనదనుకోవడము పొరపాటు. పైపొర క్రింద సజీవమైన ఎముక, నరములు ఉన్నవి, అది కాలుతుంది. వెచ్చబడిన తరువాత గోరువెచ్చని నీళ్ళు పళ్ళెములో గడ్డము మునగనంత లోతు పోసి కొంతసేపు ఉంచితే త్రాగుతుంది. పాలు, అన్నము, రొట్టె దాని ఆహారము కాదు. తెల్లవారగానే అటవీశాఖవారికి తెలియజేసి అప్పగించవలెను. వారు దానిని జంతుప్రదర్శనశాలకో, పునరావాస కేంద్రమునకో చేరుస్తారు.

అటువంటి తాబేళ్ళను తిరిగి అడవిలో వదలడము అనుకొన్నంత సులభము కాదు. ఎక్కడ పట్టినదో తెలియని తాబేలు ఏ మెట్టకు చెందినదో నిర్ణయించడానికి దాని జన్యువులను పరీక్షించవలసి ఉంటుంది. రాజస్థాను తాబేలును రాయలసీమలో వదలితే వేరు వేరు వంశములు కలగాపులగమవుతాయి. ఒకే పెట్టెలో కుక్కినప్పుడు ఒకదాని జబ్బు మరొకదానికి అంటి ఉంటుంది కనుక నెలల తరబడి విడిగా ఉంచి చూడాలి. 2018 నవంబరులో సింగపూరులో పట్టుబడిన 51 నక్షత్ర తాబేళ్ళను విమానములో బెంగళూరుకు తిరిగి తెచ్చారు. పెట్టెలలో దిగిన వాటిని ముందుగా విడి ఆవరణలలో ఉంచి, కర్ణాటక వాతావరణమునకు అలవాటు చేసిన తరువాతనే బయట వదిలే ప్రయత్నము సాగినది.

ఇక నెహ్రూ జంతుప్రదర్శనశాలలో, ముసలి తాబేలు పోయిన నాటికి, అదే జాతిది 95 ఏళ్ళది మరొకటి మిగిలి ఉన్నది.